రొయ్యను తిట్టే ముందు రిపోర్టు చదవండి: కొలెస్ట్రాల్ ఎందుకు పెరుగుతుంది?

నెల్లూరులో ఆస్పత్రులుండే పొగతోటలో ఏ ల్యాబు మెట్ల దగ్గర కాసేపు నిలబడినా ఇది కనిపిస్తుంది. కవర్లోంచి కాగితం తీస్తారు, లావు అక్షరాల్లో పడిన ఒక్క అంకె చూస్తారు, మడిచి జేబులో పెట్టుకుంటారు. టోటల్ కొలెస్ట్రాల్ 250. ఇంటికి చేరేసరికి తీర్పు సిద్ధం: గుడ్డు బందు, రొయ్యలు బందు, ఆదివారం మటన్ బందు. అన్నం మాత్రం మామూలే. టీలోకి చిక్కటి గేదెపాలూ మామూలే. మూడు నెలలయ్యాక మళ్ళీ పరీక్ష చేయిస్తే అంకె దాదాపు అక్కడే ఉంటుంది. 'ఏం మానినా ఇంతేలే' అని ఆ వారమే అన్నీ మళ్ళీ మొదలవుతాయి.

ఆ 250లో రకరకాల రేణువుల్లోని కొలెస్ట్రాల్ అంతా కలిసి ఉంటుంది. ఎల్‌డీఎల్ పెరిగితే చెడ్డది, హెచ్‌డీఎల్ తగ్గితే చెడ్డది, ట్రైగ్లిజరైడ్లు రక్తంలో తిరిగే కొవ్వు. విడదీసి చూడకపోతే కారణం దొరకదు. ఇద్దరి కాగితాలు పక్కపక్కన పెడదాం. మొదటాయన: టోటల్ 250, హెచ్‌డీఎల్ 34, ట్రైగ్లిజరైడ్లు 340, ఎల్‌డీఎల్ 148. రెండో ఆయన: టోటల్ 250, హెచ్‌డీఎల్ 50, ట్రైగ్లిజరైడ్లు 90, ఎల్‌డీఎల్ 182. పై అంకె ఒకటే, సమస్యలు రెండు. మొదటాయన విషయంలో పొట్ట చుట్టుకొలత, అన్నం, తీపి, మద్యం, షుగరు చూడాలి. రెండో ఆయన విషయంలో వంశం, థైరాయిడ్, కిడ్నీ, వాడే మాత్రలు, నెయ్యి, పాలు, పామాయిల్ చూడాలి. మొదటాయన గుడ్డు మానేస్తే వచ్చే లాభం దాదాపు ఏమీ లేదు. రెండో ఆయన అన్నం మానేసి చపాతీకి మారినా ఎల్‌డీఎల్ పెద్దగా కదలదు.

పోలిక కోసం కొన్ని హద్దులు, అన్నీ డెసీలీటరుకు మిల్లీగ్రాముల్లో: ఎల్‌డీఎల్ 100 లోపుంటే మంచిది, 160 దాటితే ఎక్కువ, 190 దాటితే చాలా ఎక్కువ. హెచ్‌డీఎల్ మగవాళ్ళకు 40 కంటే, ఆడవాళ్ళకు 50 కంటే తగ్గకూడదు. ట్రైగ్లిజరైడ్లు 150 లోపు ఉండాలి.

కాగితంలో కనిపించే వీఎల్‌డీఎల్‌ను (ట్రైగ్లిజరైడ్లను మోసే రేణువులు) చాలా ల్యాబులు కొలవవు, ట్రైగ్లిజరైడ్లను 5తో భాగించి వేస్తాయి. ఎల్‌డీఎల్ కూడా చాలాచోట్ల కూడికలు తీసివేతలతో వచ్చిందే. మొదటాయనకు 340ని 5తో భాగిస్తే 68. 250లోంచి 34, 68 తీసేస్తే 148. ఇది 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క చెల్లదు, అప్పుడు 'డైరెక్ట్ ఎల్‌డీఎల్' చేయమని అడగాలి. ఇంతకంటే తేలికైన లెక్క ఇంకొకటుంది. టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేస్తే మిగిలేది నాన్ హెచ్‌డీఎల్. రక్తనాళాల గోడల్లో చేరి హాని చేసే రేణువులన్నీ ఇందులోకే వస్తాయి. ఇది 130 లోపుంటే మంచిది. మొదటాయనకు 216, రెండో ఆయనకు 200. 'నా ఎల్‌డీఎల్ 148యే కదా' అని మొదటాయన ధీమాగా ఉండటానికి ఏమీ లేదన్నమాట.

వాగు, తూము

చెరువుల కింద సేద్యం తెలిసినవాళ్ళకు ఈ ముక్క చెప్పడం తేలిక. చెరువులో నీటిమట్టం పెరిగిందంటే పైనుంచి వాగు ఎక్కువ తెస్తూ ఉండాలి, లేదా తూము సరిగా తెరుచుకోక నీళ్ళు పోకుండా ఉండాలి. రక్తంలో కొలెస్ట్రాల్ సంగతీ అంతే.

కణాల పొరలకు, పైత్యరసానికి, విటమిన్ డి తయారీకి, కొన్ని హార్మోన్లకు కొలెస్ట్రాల్ కావాలి. అందులో ఎక్కువ భాగం శరీరమే తయారు చేసుకుంటుంది, ముఖ్యంగా కాలేయం. కొవ్వు నీళ్ళలో కలవదు కాబట్టి రక్తంలోకి నేరుగా వదిలితే పనికిరాదు. అందుకే కాలేయం దానికి ప్రోటీన్ చుట్టి మూటలు కట్టి పంపుతుంది. అలా బయల్దేరే పెద్ద మూట వీఎల్‌డీఎల్. దాన్నిండా ట్రైగ్లిజరైడ్లు. దారిలో కండరాలకూ కొవ్వు కణాలకూ సరుకు దించుకుంటూ పోగా చివరికి మిగిలే చిన్న మూట ఎల్‌డీఎల్. అది రెండు మూడు రోజులు రక్తంలో తిరుగుతుంది. కాలేయ కణాల మీద కొక్కేల్లాంటి రిసెప్టర్లు ఉంటాయి. అవి ఎల్‌డీఎల్‌ను పట్టి లోపలికి లాగేస్తాయి. ఈ రిసెప్టర్ల గుట్టు విప్పినందుకే మైఖేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ రిసెప్టర్లే తూము. వాటి సంఖ్య తగ్గినా పని మందగించినా ఎల్‌డీఎల్ బయటికి పోక రక్తంలోనే పేరుకుంటుంది. జన్యులోపం, థైరాయిడ్ తగ్గడం, నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ పడిపోవడం, సంతృప్త కొవ్వు (నెయ్యి, వెన్న, పామాయిల్‌లలో ఎక్కువగా ఉండే రకం) ఎక్కువగా తినడం, ఇవన్నీ తూము దగ్గరే దెబ్బతీస్తాయి. ఇక ట్రైగ్లిజరైడ్లు ప్రధానంగా వాగు సమస్య. అవసరానికి మించిన పిండిపదార్థం, తీపి, మద్యం అందినప్పుడు కాలేయం దాన్ని కొవ్వుగా మార్చి వీఎల్‌డీఎల్ మూటలు ఎక్కువెక్కువగా వదులుతుంది.

మరి తిండిలోని కొలెస్ట్రాల్? అది ఈ వాగులో కలిసే చిన్న పిల్లకాలువ. బయటినుంచి ఎక్కువ వస్తే కాలేయం తన తయారీ తగ్గించుకుంటుంది. ఈ సర్దుబాటు అందరిలో ఒకేలా ఉండదు, కొందరికి గుడ్డు తిన్నా అంకె ఎగురుతుంది. చాలామందికి మాత్రం తేడా కొద్దిగానే ఉంటుంది.

రొయ్యకు పడిన నింద

రొయ్యల చెరువుల పక్కనే కాపురం ఉంటూ రొయ్య తినడానికి భయపడేవాళ్ళు నెల్లూరు తీరంలో ఎంతమందో. లెక్క చూద్దాం. వంద గ్రాముల రొయ్య మాంసంలో కొలెస్ట్రాల్ 150 నుంచి 190 మిల్లీగ్రాములు, అంటే సుమారుగా ఒక కోడిగుడ్డు పచ్చసొనంత. కొవ్వు మాత్రం ఒక గ్రాము అటూఇటూ, అందులో సంతృప్త కొవ్వు నామమాత్రం. 1996లో అమెరికాలో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఆరోగ్యవంతులకు రోజుకు 300 గ్రాముల చొప్పున కొన్ని వారాలు రొయ్యలు తినిపించారు. ఎల్‌డీఎల్ సుమారు 7 శాతం పెరిగింది, హెచ్‌డీఎల్ 12 శాతం పెరిగింది, ట్రైగ్లిజరైడ్లు తగ్గాయి. రోజూ 300 గ్రాములు ఇక్కడ ఆక్వా రైతు కూడా తినడు.

తప్పు రొయ్యలో కంటే బాణలిలో ఎక్కువ. పావుకిలో వెనామీ రొయ్యలు తెస్తే తల, పెంకు తీశాక సగం పైచిలుకు మాంసం మిగులుతుంది. దాన్ని వేపుడు చేయడానికి నాలుగు పెద్ద చెంచాల పామాయిల్ పోశారనుకోండి. పెద్ద చెంచాకు 14 గ్రాముల నూనె, అందులో దాదాపు సగం సంతృప్త కొవ్వు. నాలుగు చెంచాలకు 28 గ్రాములు. ఎల్‌డీఎల్ ఎక్కువున్న మనిషి రోజు మొత్తానికి తీసుకోదగ్గ సంతృప్త కొవ్వు 15, 16 గ్రాములు (2000 కేలరీల తిండిలో 7 శాతం లోపు అన్న లెక్కన). వేపుడును ఇద్దరు పంచుకున్నా ఆ కోటా అక్కడికక్కడే దాదాపు అయిపోతుంది. అదే రొయ్య పులుసులో, రెండు చెంచాల వేరుశనగ నూనెతో, మామిడికాయ ముక్క పడి ఉడికితే ఇంటిల్లిపాదికీ కలిపి 5 గ్రాములు. చేపల పులుసుకీ ఇదే మాట. కానగంతలు, కవళ్ళలాంటి సముద్రపు చేపల్లోని ఒమేగా 3 కొవ్వు ట్రైగ్లిజరైడ్లకు మంచిదే, కానీ మసాలా పట్టించి మునిగేంత నూనెలో వేయిస్తే ఆ మంచి నూనెలో కొట్టుకుపోతుంది.

గుడ్డు పచ్చసొనలో సుమారు 185 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్, ఒకటిన్నర గ్రాముల సంతృప్త కొవ్వు ఉంటాయి. ఎల్‌డీఎల్ ఎక్కువగా గానీ షుగరు గానీ ఉన్నవాళ్ళు వారానికి మూడు నాలుగు పచ్చసొనల దగ్గర ఆగితే చాలు. తెల్లసొనకు లెక్కలు అక్కర్లేదు. నిజంగా జాగ్రత్తపడాల్సింది మేక మెదడు విషయంలో: వంద గ్రాముల్లో 2000 మిల్లీగ్రాములకు పైగా కొలెస్ట్రాల్. తలకాయ కూరలో మెదడు ముక్క కోసం పోటీపడేవాళ్ళు ఈ అంకె గుర్తుంచుకోవాలి. కాలేయం ఆ తర్వాతి స్థానం.

పాలచెంబు వైపు ఎవరూ చూడరు

రొయ్య మానేసిన ఇంట్లోనే రోజుకు మనిషికి అర లీటరు గేదెపాలు ఖర్చవుతుంటాయి. నాలుగు టీలు, రాత్రికి గడ్డపెరుగు. గేదెపాలలో వెన్న 6 నుంచి 8 శాతం. ఏడు శాతం అనుకుంటే అర లీటరులో 35 గ్రాముల కొవ్వు, అందులో సంతృప్త కొవ్వు 21 గ్రాముల పైనే. వేడి అన్నంలో పప్పు మీద వేసుకునే పెద్ద చెంచాడు నెయ్యికి ఇంకో 9 గ్రాములు. పాలు, పెరుగులోని కొవ్వు వెన్న, నెయ్యి అంత గట్టిగా ఎల్‌డీఎల్‌ను పెంచదని పరిశోధనలు చెబుతున్నాయి, నిజమే. అయినా ఇంత మోతాదులో, రోజూ, ఏళ్ళతరబడి అంటే దాన్ని లెక్కలోంచి తీసేయలేం. రెండో ఆయన మొదట మార్చాల్సింది ఇదే. పాలు కాచి చల్లార్చి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, మీగడ తీసేసి, మిగిలిన పాలు వాడుకోవచ్చు. మీగడ నెయ్యి చేసి మళ్ళీ ఆ మనిషికే వడ్డిస్తే మాత్రం చేసిన పని వృథా. ప్యాకెట్టు పాలైతే ఫుల్ క్రీములో 6 శాతం, టోన్డులో 3, డబుల్ టోన్డులో 1.5.

నూనెల విషయంలో సీసా మీద 'జీరో కొలెస్ట్రాల్' అని కనిపిస్తే మురిసిపోనక్కర్లేదు. మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు, పామాయిల్‌లోనూ ఉండదు. చూడాల్సింది సంతృప్త కొవ్వు. పామాయిల్‌లో దాదాపు 50 శాతం, కొబ్బరినూనెలో 90 దాకా, వేరుశనగ నూనెలో 20 లోపు, తవుడు నూనెలో 20, 25 మధ్య, నువ్వుల నూనెలో 15, పొద్దుతిరుగుడులో 10, 11. గానుగలో ఆడించినంత మాత్రాన ఈ శాతాలు మారవు.

ఎంత వాడుతున్నారో తెలుసుకోవడానికి తూకం అక్కర్లేదు. మనిషికి రోజుకు నాలుగైదు చిన్న చెంచాలు అనుకుంటే నలుగురున్న ఇంటికి నెలకు రెండున్నర నుంచి మూడు లీటర్లు. మీ ఇంట్లో అయిదు లీటర్ల క్యాను నెల తిరక్కముందే ఖాళీ అవుతోందా? అయితే సమస్య ఎక్కడుందో తెలిసిపోయినట్టే. పచ్చళ్ళలో పోసేది కూడా ఇందులోకే వస్తుంది.

బయటి తిండిలో ఏ నూనెని ఎన్నిసార్లు కాచారో మన చేతిలో ఉండదు. కాగిన నూనెను పదేపదే వాడితే అందులో నూనె చెడిపోగా పుట్టే పోలార్ పదార్థాలు పేరుకుంటాయి. అవి 25 శాతం దాటిన నూనె వాడకూడదని దేశంలో నిబంధన. కంటికి తెలిసే గుర్తులు: నూనె నల్లబడి జిగురెక్కడం, తక్కువ మంటకే పొగ రావడం, పైన బుడగల నురగ చాలాసేపు ఆగడం. వనస్పతిలాంటి గట్టిపరిచిన నూనెల్లోని ట్రాన్స్ కొవ్వు ఎల్‌డీఎల్‌ను పెంచుతూ హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తుంది, అంటే రెండువైపులా నష్టం. 2022 జనవరి నుంచి నూనెల్లో, వనస్పతిలో అది 2 శాతం దాటకూడదు. పాత రోజులతో పోలిస్తే మేలే, అలాగని పఫ్పులు, క్రీము కేకులు, డాల్డా బిస్కెట్లలోని సంతృప్త కొవ్వు ఎక్కడికీ పోలేదు. వెన్న వేసి కాల్చిన నెల్లూరు కారం దోశ, మలై కాజా పండక్కీ పబ్బానికీ తింటే రిపోర్టు మారదు. వారానికి నాలుగు రోజులు తింటే మారుతుంది.

మొదటాయన సంగతి: అన్నం, పొట్ట, మద్యం

మన జిల్లాల్లో ఎక్కువగా కనిపించేది మొదటాయన రిపోర్టే అనుకోవడానికి ఆధారం ఉంది. భారత వైద్య పరిశోధన మండలి తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో చేయించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో టోటల్ కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్ళు 13.9 శాతం, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవాళ్ళు 29.5 శాతం, హెచ్‌డీఎల్ తక్కువున్నవాళ్ళు 72.3 శాతం. మనం భయపడే అంకె కంటే మనం చూడని అంకెలే ఎక్కువమందిలో చెడ్డాయి. పక్కనున్న తమిళనాడు తిండి మన తిండికి పెద్ద దూరం కాదు.

వంద గ్రాముల తెల్ల బియ్యంలో 78 గ్రాముల పిండిపదార్థం. పొద్దున దోశెలు, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం కలిపి రోజుకు 400 గ్రాముల బియ్యం లోపలికి వెళ్ళే మనిషికి ఒక్క బియ్యం నుంచే 310 గ్రాముల పిండిపదార్థం, దాదాపు 1250 కేలరీలు. ఆయన తండ్రి ఇంతకన్నా ఎక్కువే తిని ఉండొచ్చు. కానీ ఆయన మడక దున్నాడు, నారు మోశాడు, బజారుకు నడిచి వెళ్ళాడు. ఇప్పుడు దున్నేది ట్రాక్టరు, కోసేది యంత్రం, వీధి చివర అంగడికీ బైకు. తిండి మాత్రం పాత కొలతే. మిగిలిన పిండిపదార్థం కాలేయంలో కొవ్వుగా మారుతుంది. అందుకే ట్రైగ్లిజరైడ్లు 300 ఉన్నవాళ్ళ స్కానింగులో 'గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్' అన్న మాట తరచూ కనిపిస్తుంది. ట్రైగ్లిజరైడ్లు పెరిగితే హెచ్‌డీఎల్ దానంతటదే తగ్గుతుంది. ఎల్‌డీఎల్ రేణువులు కూడా చిన్నవై, సంఖ్యలో ఎక్కువై, అంకె చూపించేదానికంటే ఎక్కువ హాని చేస్తాయి.

బరువు కంటే పొట్ట ముఖ్యం. బొడ్డు దగ్గర టేపు చుడితే మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటకూడదన్నది మనవాళ్ళకు పెట్టిన హద్దు. కాళ్ళూ చేతులూ సన్నగా ఉండి పొట్ట ఒక్కటే ముందుకొచ్చిన ఆకారం ఇందుకు పెట్టింది పేరు.

పళ్ళెంలో మార్పు ఇలా చేయొచ్చు. అన్నం మూడు గరిటెల చోట రెండు. ఆ ఖాళీలోకి గట్టి పప్పో ఉడికించిన పెసలో అలసందలో ఒక గరిటె, ఆకుకూరో బీరకాయో చిక్కుడో ఒక గరిటెన్నర. పీచు పైత్యరసాన్ని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది, కాలేయం కొత్త పైత్యరసం కోసం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను లాక్కుంటుంది, కాబట్టి రెండో ఆయనకూ ఇది పనికొస్తుంది. కనిగిరి, పొదిలి, మార్కాపురం మెట్టప్రాంతాల్లో ఒకప్పటి తిండి సజ్జ, జొన్న, వరిగ, కొర్ర. వాటికి తిరిగి రావడం మంచిదే, అయితే అవి మందులేమీ కావు. వంద గ్రాముల కొర్రల్లో కూడా 60 గ్రాముల పైనే పిండిపదార్థం ఉంటుంది. రెండు పెద్ద ముద్దల సంగటి తిని 'నేను మిల్లెట్సే తింటున్నా' అంటే ట్రైగ్లిజరైడ్లు వినవు.

మద్యం ట్రైగ్లిజరైడ్లను సూటిగా పెంచుతుంది. రోజూ తాగేవాళ్ళకు వేరే ఏ మార్పూ లేకుండా మానేస్తేనే కొన్ని వారాల్లో అంకె సగానికి పడిపోయిన సందర్భాలు వైద్యులకు కొత్త కాదు. ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే, ముఖ్యంగా 1000 దాటితే, గుండె సంగతి తర్వాత, ముందు క్లోమగ్రంథి వాపు భయం. పైపొట్టలో మొదలై వీపులోకి పాకే తీవ్రమైన నొప్పి, వాంతులు వస్తే గ్యాస్ మాత్ర వేసుకుని పడుకోకూడదు, వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

పొగాకు పండే జిల్లాలో ఈ మాట చెప్పక తప్పదు: చుట్టయినా బీడీ అయినా సిగరెట్టయినా హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తుంది, ఉన్న ఎల్‌డీఎల్‌ను మరింత చెడగొడుతుంది. ఊళ్ళో చాలా ఆస్పత్రులు పొగతోటలో ఉండటం వేరే సంగతి.

వంశంలో ఉంటే

ఎల్‌డీఎల్ 190 దాటి, ట్రైగ్లిజరైడ్లు మామూలుగా ఉండి, మనిషి సన్నగా ఉంటే జన్యులోపాన్ని ముందు అనుమానించాలి. వంశపారంపర్య హైపర్ కొలెస్ట్రాలీమియా అనే ఈ స్థితి ప్రపంచంలో సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుంది. తల్లిదండ్రుల్లో ఒకరికుంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. ఇద్దరికీ ఉంటే నాలుగో వంతు అవకాశంతో బిడ్డకు రెండువైపుల నుంచీ లోపం వస్తుంది. అప్పుడు పుట్టుకతోనే ఎల్‌డీఎల్ 400, 500 దాటిపోతుంది, చికిత్స లేకపోతే ఇరవై ఏళ్ళ లోపే గుండెపోటు వచ్చే ప్రమాదం ఉంటుంది. అత్త కూతురినో మేనమామనో చేసుకునే అలవాటున్న మన ఇళ్ళల్లో ఈ లెక్కకు ప్రత్యేకమైన బరువుంది. ఒకే తాత దగ్గరి లోపం రెండు దారుల్లో వచ్చి మనవడి దగ్గరో మునిమనవడి దగ్గరో కలవొచ్చు.

ఇంట్లోనే చూసుకోగల గుర్తులున్నాయి. మడమ వెనక నిలువుగా ఉండే నరాన్ని, అంటే పిక్కను మడమకు కలిపే పట్టీని, బొటనవేలు చూపుడువేలు మధ్య పట్టి చూడండి. మామూలుగా అంచులు తెలిసేలా పలుచగా ఉంటుంది. ఈ లోపం ఉన్నవాళ్ళలో అది లావెక్కి, గడ్డలు గడ్డలుగా తగలొచ్చు. పిడికిలి బిగిస్తే వేళ్ళ కణుపుల మీద గట్టి బుడిపెలు ఉండొచ్చు. నలభై అయిదేళ్ళ లోపే నల్లగుడ్డు చుట్టూ తెల్లని వలయం కనిపించడం ఇంకో గుర్తు. కనురెప్పల మీది పసుపు మచ్చలు అంత నమ్మదగ్గవి కావు, అవి ఉన్నవాళ్ళలో దాదాపు సగం మందికి కొలెస్ట్రాల్ మామూలుగానే ఉంటుంది. ఇంట్లో మగవాళ్ళకు 55 ఏళ్ళ లోపు, ఆడవాళ్ళకు 65 లోపు గుండెపోటు వచ్చి ఉంటే అది డాక్టరుకు అడక్కముందే చెప్పాల్సిన విషయం. అన్నదమ్ములకూ, పిల్లలకూ పరీక్ష చేయించాలి, పిల్లలకు పదేళ్ళు వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

ఈ మనిషికి పథ్యం అవసరమే కానీ చాలదు. తూమే పుట్టుకతో సగం మూసుకుపోయి ఉంది. మందు తప్పదు, అది ఆయన నోటి కట్టుబాటు లేకపోవడం వల్ల వచ్చిన శిక్షేమీ కాదు. వంశంతో వచ్చేదే మరొకటి, లైపోప్రోటీన్ ఎ. దీన్ని తిండి గానీ మామూలు కొలెస్ట్రాల్ మాత్రలు గానీ తగ్గించలేవు. జీవితంలో ఒక్కసారి కొలిపించుకుంటే చాలు, 50 మిల్లీగ్రాములు దాటితే మిగతా అంకెల విషయంలో డాక్టర్లు మరింత కఠినంగా ఉంటారు.

ఇంకో జబ్బు వెనకాల దాక్కుంటే

థైరాయిడ్ హార్మోను తగ్గితే కాలేయం మీది రిసెప్టర్లు తగ్గుతాయి. ఎల్‌డీఎల్ ఎక్కువున్న ప్రతివాళ్ళకూ, ముఖ్యంగా నలభై దాటిన ఆడవాళ్ళకు, మాత్ర మొదలుపెట్టే ముందు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చూడాల్సింది ఇందుకే. చూడకపోతే రెండు నష్టాలు. థైరాయిడ్ సరిచేస్తేనే దిగిపోయే అంకె కోసం ఇంకో మందు మింగాల్సి వస్తుంది. పైగా థైరాయిడ్ తక్కువుండగా కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర వేసుకుంటే కండరాల నొప్పులు వచ్చే అవకాశం ఎక్కువ, 'ఈ మాత్ర నాకు పడదు' అని మంచి మందును వదిలేస్తారు.

కిడ్నీ నుంచి ప్రోటీన్ పోతుంటే ఆ నష్టాన్ని పూడ్చే తొందరలో కాలేయం కొలెస్ట్రాల్ మూటలు కూడా ఎక్కువ తయారు చేస్తుంది. మూత్రంలో ఆగని నురగ, పొద్దున లేవగానే కళ్ళకింద ఉబ్బు, సాయంత్రానికి పాదాల వాపు ఉంటే మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించాలి. పైత్యనాళం అడ్డుపడినా కొలెస్ట్రాల్ పెరుగుతుంది, అప్పుడు దురద, కామెర్లు తోడుంటాయి. అదుపులో లేని షుగరు మొదటాయన తరహా రిపోర్టును ఇస్తుంది. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ దిగితే ట్రైగ్లిజరైడ్లూ దాంతోపాటే దిగుతాయి.

మాత్రల సంచి కూడా డాక్టరు ముందు గుమ్మరించాలి. స్టెరాయిడ్లు, బీపీకి ఇచ్చే థయాజైడ్ రకం నీటిమాత్రలు, కొన్ని బీటా బ్లాకర్లు, ఓలాంజపిన్‌లాంటి మానసిక చికిత్స మందులు, మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్, కొన్ని గర్భనిరోధక మాత్రలు లిపిడ్లను, అంటే రక్తంలోని కొవ్వులను, కదుపుతాయి. కీళ్ళనొప్పులకు ఊళ్ళో ఇచ్చే పేరులేని తెల్ల మాత్రలు, లేబుల్ లేని పొడుల గురించి మరీ జాగ్రత్త, అలాంటివాటిలో స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చు. అలాగని బీపీ మాత్ర సొంతంగా ఆపేయకూడదు. కొలెస్ట్రాల్ మీద దాని ప్రభావం కొద్దిపాటిదే, ఆపితే బీపీ వల్ల వచ్చే ముప్పు పెద్దది.

గర్భంతో ఉన్నప్పుడు కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు పెరగడం సహజం. ఆ నెలల్లో లిపిడ్ పరీక్ష చేయించి కంగారుపడటం అనవసరం.

పరీక్షలోనే తేడా వస్తే

ముందురోజు రాత్రి పెళ్ళిభోజనం, మద్యం అయ్యాక పొద్దున్నే రక్తం ఇస్తే ట్రైగ్లిజరైడ్లు ఎగిరే ఉంటాయి. మొదటి పరీక్షకు ఉపవాసం తప్పనిసరి కాకపోయినా, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ వచ్చినప్పుడు 10, 12 గంటలు మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోకుండా మళ్ళీ చేయించాలి. మూడు రోజుల ముందు నుంచి మద్యం ఉండకూడదు. డెంగీ, టైఫాయిడ్‌లాంటి జ్వరాలొచ్చినప్పుడు, ఆపరేషన్ అయ్యాక, గుండెపోటు తర్వాతి వారాల్లో ఎల్‌డీఎల్ అబద్ధంగా తక్కువ చూపిస్తుంది. 'జ్వరంలో చేయిస్తే 90 వచ్చింది, నాకు తగ్గిపోయింది' అని మందు ఆపితే మోసపోయినట్టే. కళ్ళు తిరగడం, కాళ్ళ తిమ్మిర్లు, 'రక్తం చిక్కబడటం' కొలెస్ట్రాల్ లక్షణాలు కావు. అది పెరిగిన సంగతి మనిషికి తెలియదు.

స్టాటిన్లు కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీని అడ్డుకుంటాయి. సరుకు తగ్గేసరికి కాలేయం మరిన్ని రిసెప్టర్లు తెరిచి రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాక్కుంటుంది. ఇది తూము తెరిచే మందు. రిపోర్టు బాగా వచ్చిందని ఆపేస్తే కొన్ని వారాల్లో అంకె పాత చోటికే చేరుతుంది, ఎందుకంటే బాగా రావడానికి కారణం ఆ మాత్రే. గర్భం దాల్చాలనుకునే ఆడవాళ్ళు మాత్రం ముందుగానే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

తిండి, నడక మార్చినా, మాత్ర మొదలెట్టినా మళ్ళీ పరీక్షకు 8 నుంచి 12 వారాలు ఆగాలి, వీలైతే అదే ల్యాబులో. మొదటాయన అన్నం మూడోవంతు తగ్గించి, మద్యం మానేసి, రోజుకు 40 నిమిషాలు నడిచి అయిదు కిలోలు దిగాడనుకుందాం. కొత్త కాగితం ఇలా రావచ్చు: టోటల్ 236, హెచ్‌డీఎల్ 38, ట్రైగ్లిజరైడ్లు 190, ఎల్‌డీఎల్ 160. టోటల్ 14 పాయింట్లే తగ్గింది, ఎల్‌డీఎల్ పైగా 12 పెరిగింది. ఇంట్లోవాళ్ళు పెదవి విరుస్తారు. కానీ ట్రైగ్లిజరైడ్లు సగానికి దగ్గరగా వచ్చాయి, నాన్ హెచ్‌డీఎల్ 216 నుంచి 198కి దిగింది. వీఎల్‌డీఎల్ మూటలు తేలికై, త్వరత్వరగా ఎల్‌డీఎల్‌గా మారుతున్నప్పుడు ఆ అంకె కాస్త పైకి రావడం ఉంటుంది. వాగు అదుపులోకి వచ్చింది. మిగిలిన 160 తూము పని: టీఎస్‌హెచ్ చూశారా, గేదెపాలు మార్చారా, వయసూ బీపీ షుగరూ కలిపి లెక్కేస్తే మాత్ర కావాలా అన్నవి ఈసారి డాక్టరు దగ్గర అడగాల్సిన ప్రశ్నలు. పాత కాగితం కూడా వెంట తీసుకెళ్ళాలి.